అందరికీ ఎదురొచ్చే మనిషి సాగర్‌కు బయల్దేరింది

ముందే తప్పు ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. ఫోన్లలో తిరిగిన ఆ పోస్టరు చేసింది మేడ మీది గదిలో కిరాయికి ఉండే అనురాగ్, అంటే ఇది రాస్తున్నవాడే. అదే బిల్డింగులో ఉండే విద్యావతి గారు బతుకమ్మ నాడు పట్టుచీరలో దిగిన ఫొటో తీసుకున్నాడు. పక్కన ఇత్తడి బిందె బొమ్మ అతికించాడు. కింద పెద్ద అక్షరాలతో రాశాడు: "శుభ ఎదురు. ప్రయాణాలకు, పరీక్షలకు, పెళ్లిచూపులకు. ఆదివారం పొద్దున ఆరు గంటలకు. నిండు బిందెతో." అక్కడితో ఆగినా బాగుండేది. నిజం పోస్టరులా ఉండాలని చిక్కడపల్లి సందు పేరు, బిల్డింగు పేరు కూడా పెట్టాడు. అబద్ధానికి అడ్రసు పెట్టకూడదని అప్పటిదాకా అతనికి ఎవరూ చెప్పలేదు.

విద్యావతి గారికి ఈ సంగతి ఆదివారం దాకా తెలియదు. ఆ వారమంతా ఆవిడకు ఒకటే ధ్యాస. సాగర్ గేట్లెత్తారు.

ఆవిడ పుట్టింది నారాయణగూడ, మెట్టింది చిక్కడపల్లి. మధ్యలో నడిచిపోయేంత దూరం. "అప్పగింతలప్పుడు మంచిగ ఏడుద్దామనుకున్న. మొదలువెట్టే వరకే అత్తగారిల్లు వచ్చేసింది" అని ఇప్పటికీ చెబుతుంది. పుట్టిల్లు, అత్తిల్లు, గుడి, కూరగాయల మార్కెట్టు, కూతురు రచన కాపురం, అన్నీ ఆ నాలుగు రోడ్ల మధ్యనే. చీరలకు సుల్తాన్ బజారు దాకా పోతే అదే దూర ప్రయాణం.

పెళ్లైన కొత్తలో భర్త ఇంద్రసేన గారు ఒకసారి నాగార్జునసాగర్ తీసుకెళ్లాడు. మంచి ఎండాకాలంలో. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా, సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడే హనీమూను. బస్సు దిగి, చెమటలు కక్కుతూ నడిచి, ఇద్దరూ పోయి నిలబడ్డారు. ఎదురుగా బూడిద రంగు గోడ.

"ఏంది ఇది?"

"డ్యాం."

"మరి నీళ్లేయి?"

"అవతల ఉంటయి."

ఆ గోడ దగ్గరే సద్ది తిని తిరిగొచ్చారు. ఆ తర్వాత ఎవరైనా "సాగర్ చూశారా?" అని అడిగితే "గోడ చూసిన" అని జవాబు. గేట్లెత్తినప్పుడు ఒక్కసారి చూడాలని అప్పుడే మనసులో పెట్టుకుంది. ఏళ్లకేళ్లు గేట్లు ఎత్తుతూనే ఉన్నారు, దించుతూనే ఉన్నారు. ఆవిడ మాత్రం గేటు దాటలేదు. బిల్డింగు గేటు.

దానికి కారణం దక్షిణామూర్తి గారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, కింది వాటాలో స్థిరపడిన పెద్దమనిషి. ఒకసారి ప్రమోషన్ ఇంటర్వ్యూకి ఢిల్లీ బయల్దేరి గుమ్మం దాటేసరికి, వీధి నల్లా దగ్గర నీళ్లు పట్టుకొని విద్యావతి గారు ఎదురొచ్చింది. నిండు బిందె, నుదుటన ఇంత బొట్టు. ప్రమోషన్ వచ్చింది. నిజానికి అది సీనియారిటీతో వచ్చింది, ఆ సంగతి మూర్తిగారికీ తెలుసు. కానీ సీనియారిటీకి పళ్లు, పసుపు, కుంకుమ ఇవ్వలేం కదా. విద్యావతి గారికి ఇచ్చారు.

ఇక మొదలైంది. తిరుపతికి పోయేవాళ్లు, కాశీకి పోయేవాళ్లు, పిల్లల్ని ఊటీకి తిప్పుకొచ్చేవాళ్లు, వీసా స్టాంపింగుకు పోయేవాళ్లు, అందరూ ముందురోజు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. "రేపు పొద్దున ఒక్కసారి ఎదురు వస్తారా?" అని. ఒక్కసారంటే ఏమిటో ఆవిడకే తెలుసు. చీకటితో లేవాలి, తలస్నానం చేయాలి, ఉతికిన చీర కట్టాలి, బిందె నింపుకొని మెట్లు దిగాలి. దిగి గేటు దగ్గర నిలబడితే కుదరదు. అనుకోకుండా వచ్చినట్టు రావాలట, పిలిపించుకొని వచ్చినట్టు కనపడితే ఫలం ఉండదట. అందుకని సందు మలుపులో, పాన్ డబ్బా చాటున నిలబడేది. ప్రయాణం వాళ్లు గుమ్మంలోకి రాగానే ఇంద్రసేన గారు మేడ మీంచి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. అప్పుడు ఆవిడ అనుకోకుండా వచ్చేది. శకునానికి మిస్డ్ కాల్ ఇచ్చే బస్తీ హైదరాబాదులో ఇంకొకటి ఉందో లేదో.

మొదట్లో ఆవిడకు కాస్త గొప్పగానే ఉండేది. మనిషి అన్నాక ఉంటుంది. కానీ పండుగ సెలవులు, వేసవి సెలవులు వచ్చాయంటే ఊరంతా ప్రయాణాల్లో, ఆవిడ పాన్ డబ్బా చాటున. ఒకసారి యాదగిరిగుట్టకు పోయి రాత్రి అక్కడే నిద్ర చేద్దామనుకున్నారు. పక్క బిల్డింగు వాళ్లది తెల్లారి షిరిడీ ప్రయాణమని ఇంద్రసేన గారు మాటిచ్చి వచ్చాడు. దర్శనం చేసుకొని, పులిహోర ప్రసాదం చేతిలో ఉండగానే చివరి బస్సు ఎక్కారు. ఆవిడ కోపమంతా అక్కడుంది. అడిగేవాళ్ల మీద కాదు, ఆవిడ కాళ్లను తన జేబులోంచి తీసి పంచిపెట్టే ఆ మొగుడి మీద.

నిరుడు మూర్తిగారు గాణగాపురం బయల్దేరిన రోజు ఆవిడకు ఒళ్లు కాలిపోయే జ్వరం. పోలేకపోయింది. జహీరాబాద్ దగ్గర మూర్తిగారి కారుకు రెండు పంక్చర్లు పడ్డాయి. తిరిగొచ్చాక ఆ కథ బిల్డింగులో అన్ని అంతస్తులూ ఎక్కింది. "ఆవిడ లేకపోవడం వల్లేనండీ" అని మూర్తిగారు. పంక్చర్లు ఎలా పడ్డాయని అందరూ అడిగారు. జ్వరం ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

ఈ ఏడు రచన పట్టుబట్టింది. "ఆదివారం ఆరింటికి కారు తీస్కొని వస్త. నువ్వు, డాడీ రెడీగ ఉండాలె. లేటైతే ఇబ్రహీంపట్నం దాటనీకె మధ్యాహ్నమైతది, అందరూ ఆడికే పోతున్నరు" అంది. విద్యావతి గారు టీవీ ముందు నుంచి కదల్లేదు. పైనుంచి వరద తగ్గుతోందని, గేట్లు ఒక్కొక్కటే దించుతున్నారని శనివారం వార్త. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఎన్ని మిగులుతాయో, అసలు మిగులుతాయో లేదో.

శనివారం సాయంత్రం పొయ్యి మీద పులిహోరకు చింతపండు పులుసు ఉడుకుతోంది. ఇంద్రసేన గారు వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. అలా నిలబడ్డాడంటే ఏదో ఇచ్చేసి వచ్చాడని అర్థం.

"విద్యా, రేపు ఆరింటికి గాకుంట ఏడున్నరకు పోదాం జర."

"ఎందుకు?"

"మూర్తిగారోళ్లు బీదర్ పోతున్రట, రెండ్రోజులకు. ఏడు దాటేదాక వర్జ్యం ఉన్నదట. అది పోయినంక నువ్వు ఎదురొస్తే ఆయన పోతడు, మనం పోదాం."

"మీరేమన్నరు?"

"సరే అన్న."

"నన్నడిగిన్రా?"

"అడిగేదేమున్నది, గంటన్నరనే గద. డ్యాం ఏడికి పోతది?"

"డ్యాం పోదు. నీళ్లు పోతయి" అంది ఆవిడ, గరిట పక్కన పెట్టి. "రేపు లేటుగ పోతే మళ్ల గోడనే. ఆ గోడ నేను చూసిన. పోయి కుదరదని చెప్పి రాండ్రి."

ఆయన పోయాడు. పులుసు చిక్కబడి, పోపు కూడా అయిపోయాక తిరిగొచ్చాడు.

"చెప్పిన్రా?"

"చెప్దామనే పోయిన. కాఫీ ఇచ్చిన్రు."

"అయితే?"

"కాఫీ తాగినంక ఎట్ల చెప్పాలె?"

విద్యావతి గారు పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకొని, తనే మెట్లు దిగింది. మూర్తిగారు పంచాంగం ముందు పెట్టుకొని కూర్చున్నారు.

"అయ్యో, మీరెందుకు దిగివచ్చారమ్మా? ఇంద్రసేనగారు సరేనన్నారుగా."

"ఆయన అన్నడు. నేను అనలే. మేము ఆరింటికే పోతున్నం మూర్తిగారు."

"గంటన్నరేగా విద్యావతమ్మగారూ. పోయినసారి మీరు రాకపోతే ఏమైందో చూశారుగా, రెండు పంక్చర్లు."

"పంక్చర్లు మేకులతోని అయితయి. నా జ్వరంతోని కావు."

లోపలి గదిలోంచి మూర్తిగారి భార్య సుహాసిని గారు సూట్‌కేసు సర్దుతూనే అంది, "రేపు ఇలా కోపంగా రాకండి వదినగారూ. కోపంగా వస్తే ఎదురు ఫలించదంటారు."

విద్యావతి గారు తిరిగి మెట్లెక్కింది. ఎవరేమన్నా సరే, ఆరింటికి కారెక్కుతానని మెట్టు మెట్టుకూ అనుకుంది.

ఆదివారం ఆవిడ తయారై, పులిహోర డబ్బా, మంచినీళ్లు, చాప, అన్నీ సంచిలో పెట్టుకొనేసరికి తెలవారుతోంది. రచన నుంచి ఫోను.

"అమ్మా, కారు సందులకు రానిస్తలేరు. ఏందా జనం? మనింట్ల ఎవరికన్న ఏమన్న అయిందా?"

ఆవిడ బాల్కనీలోకి వచ్చి చూసింది. సందు నిండా పిల్లలు. వీపున బ్యాగులు, చేతిలో హాల్ టికెట్లు, లోపలిది కనపడే నీళ్ల సీసాలు. ఆ రోజు ఏదో పెద్ద కొలువు పరీక్ష ఉంది. పక్కనే కోచింగు పిల్లలుండే అశోక్ నగర్ హాస్టళ్లన్నీ గుమ్మరించినట్టు అక్కడే ఉన్నాయి. పరీక్షలు రాసి రాసి, చదవగలిగిందంతా చదివేసి, ఇక నమ్మడానికి ఏదైనా దొరికితే బాగుండని చూసే ముఖాలు. అనురాగ్ పోస్టరు ఆ సంగతి తెలిసినట్టే వాళ్ల ఫోన్లలోకి పోయింది. పైకి చూసిన ఒకడు పక్కవాడి భుజం తట్టాడు. "అగో, ఆంటీ. ఫొటోల ఉన్నామెనే."

సంచి భుజానికి తగిలించుకొని ఆవిడ కిందికి దిగింది. మెట్ల కింద నిలబడిన ఒకమ్మాయి ఫోను చూపించింది. "మీరే గదా ఆంటీ? జల్ది రాండి ఆంటీ, నా సెంటర్ మేడ్చల్ అవతల పడ్డది. ఒక్క నిమిషం లేటైనా గేటు మూసేస్తరు."

విద్యావతి గారు ఫోనులో తన ముఖం చూసుకుంది. బిందె చూసింది. పెళ్లిచూపులన్న మాట కూడా చదివింది. సరిగ్గా అప్పుడే అనురాగ్ టీ తాగుదామని మేడ దిగుతూ, జనాన్ని చూసి, వచ్చిన దారినే తిరిగి ఎక్కబోయాడు.

"ఆగు పిల్లగా. నువ్వేనా చేసింది?"

"జోక్ ఆంటీ. మన బిల్డింగ్ గ్రూపులనే పెట్టిన. ఎవరో ఫార్వర్డ్ కొట్టిన్రు."

"దేని మీద జోక్?"

"మీ మీద కాదు ఆంటీ. మిమ్మల్ని అందరు ఊకె పరేషాన్ చేస్తరు గదా, వాళ్ల మీద."

"వాళ్ల మీదనైతే వాళ్ల ఫొటో పెట్టాలె గద. మూర్తిగారిది పెట్టకపోయినవ్? మా ఆయనది పెట్టకపోయినవ్?"

అనురాగ్ ఫోను తీసి బిల్డింగ్ గ్రూపులోంచి పోస్టరు తీసేశాడు.

ఈలోగా మూర్తిగారు శాలువా కప్పుకొని బయటికి వచ్చారు. జనాన్ని చూసి ఆయన కంగారు ఇంకో రకంగా ఉంది. "ఏవమ్మా, వీళ్లందరికీ ఇప్పుడే ఎదురు వచ్చేస్తే ఎలా? ఇంతమందికి పంచితే ఫలం పలచబడిపోదూ? ఏడున్నరకి మాకేం మిగులుతుంది?"

వెనక నుంచి ఇంద్రసేన గారు నీళ్లు నింపిన బిందెతో దిగాడు. "విద్యా, ఒక్కసారి వీళ్లకు నడు, పాపం పిల్లలు. తర్వాత మూర్తిగారికి ఒక్కసారి. అయిపోతది." ఆయన ముఖంలో ఎక్కడా మోసం లేదు, అదే ఆవిడకు ఇంకా మండించింది. మోసగాడైతే తిట్టి ఊరుకోవచ్చు.

ఎటు చూడాలో తెలియక ఆవిడ పక్కకు తిరిగితే, మోటారు గది వెనక ఇటుకల మీద బీరమ్మ కూర్చొని ఉంది. బిల్డింగు ఊడ్చే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. ఎవరిదైనా ప్రయాణం ఉందంటే కనపడకుండా ఉండమని మూర్తిగారే చెప్పి పెట్టారు. సందు సగం ఊడ్చి ఉంది, చీపురు గోడకు ఆనించి ఉంది. ఆమె చేతిలో ప్లాస్టిక్ గ్లాసులో చాయ్.

"ఏమే బీరమ్మా, ఈడ దాక్కున్నవేంది?"

"నన్ను కనవడొద్దన్నరు గదమ్మా. అందరు పోయినంక లేస్త."

"నీకు కోపం రాదా?"

"మొదట్ల వచ్చేది" అంది బీరమ్మ, చాయ్ ఊదుకుంటూ. "ఇప్పుడు మంచిగనే ఉన్నది. నన్ను కనవడొద్దంటరు, నేను కూసొని చాయ్ తాగుత. నిన్ను కనవడాలంటరు, నువ్వు బిందె పట్టుకొని నిలవడ్తవ్. ఎవ్వల్ది నయం, నువ్వే చెప్పు."

విద్యావతి గారు సంచి రెండో భుజానికి మార్చుకుంది.

"చాయ్ తాగుడు అయిందా?"

"అయింది."

"లే. లేచి గేటు పూర్తిగ తెరువు. మా కారు రావాలె."

"మూర్తిసారు ఉన్నడమ్మా ఆడ."

"ఉండనీ. ఆయన తెరుస్తడా గేటు?"

బీరమ్మ లేచింది. గ్లాసు పక్కన పెట్టి, చీర చెంగు దోపుకొని, అందరి మధ్య నుంచి నడిచి పోయి, గేటు రెండు రెక్కలూ గోడలకు కొట్టుకొనేలా తోసింది. మూర్తిగారు శాలువాతో ముఖం కప్పుకోబోయి, ఏం లాభమని ఆగిపోయారు.

విద్యావతి గారు మెట్టు దిగి పిల్లల ముందు నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు, అయినా సందు చివరి దాకా వినపడింది.

"మీరంత అటు నుంచి వచ్చిన్రు. నేను ఇటు నుంచి పోతున్న. నేను మీకు ఎదురొచ్చినట్టా, మీరు నాకు ఎదురొచ్చినట్టా?"

అది పరీక్షలో రాని ప్రశ్న.

"ఇన్నేండ్ల సంది ఒక్కరన్న ఇది ఆలోచించిన్రా? అందరు నాకు ఎదురొచ్చినోళ్లే. మరి నాకేమైంది? గోడ చూసొచ్చిన. ఎదురుతోని కొలువులొస్తే ఈ సందు మొత్తం కలెక్టర్లు ఉండాలె. పరీక్ష రాసేది మీరా, నా బిందెనా?"

"మేమే ఆంటీ" అన్నాడు ముందున్నవాడు, మెల్లగా.

"మరి మేడ్చల్ పోయేది ఉంటే చిక్కడపల్లిల ఏం పని? జరుగున్రి. బస్సులు పోతయి."

పాపిట తీసినట్టు జనం రెండుగా విడిపోయారు. మధ్యలోంచి ఆవిడ నడిచింది, ఉత్త చేతులతో, భుజాన సంచితో. వాళ్లలో సగం మంది తమకు కావలసింది అయిపోయిందన్నట్టు సంబరంగా బస్టాపు వైపు పరుగెత్తారు. అది చూసి ఆవిడకు మళ్లీ కోపం వచ్చింది కానీ ఆగడానికి తీరిక లేదు.

"విద్యావతమ్మగారూ, మరి మేము?" అని మూర్తిగారు వెనక నుంచి.

"బీరమ్మ ఉన్నది గదా" అంది ఆవిడ, తిరిగి చూడకుండానే.

రచన కారు గేటు దాకా తెచ్చింది. విద్యావతి గారు ముందు సీట్లో కూర్చొని బెల్టు పెట్టుకుంది. ఇంద్రసేన గారు ఇంకా బిందె పట్టుకొని మెట్టు మీదే ఉన్నాడు, ఒక కన్ను మూర్తిగారి మీద, ఒక కన్ను కారు మీద.

"డాడీ, వస్తున్నవా లేదా?" అంది రచన.

"మాట ఇచ్చిన గదనే."

"మాట ఇచ్చింది ఆయన, నిలవడేది కూడ ఆయననే" అంది విద్యావతి గారు. "తియ్యి బిడ్డా కారు."

రచన తీసింది. కారు సందు మలుపు తిరిగే లోపల ఇంద్రసేన గారు పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తీసుకొని కూలబడ్డాడు, బిందెతో సహా. కింద పెట్టి రావాలని తోచలేదట. సగం నీళ్లు ఆయన పంచె మీద, సగం సీటు మీద. నారాయణగూడ ఫ్లైఓవర్ దాటాక రచన నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం నవ్వలేదని, అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుందని, ఇంద్రసేన గారు తర్వాత చెప్పాడు.

మూర్తిగారు వర్జ్యం పోయేదాకా ఆగారు. తర్వాత బీరమ్మ ఊడ్చడం అయ్యేదాకా ఆగారు. ఆమె ఆ రోజు సందు రెండుసార్లు ఊడ్చింది. చివరికి ఎండ ఎక్కాక, కళ్లు మూసుకొని కారెక్కి బీదర్ పోయారు. పక్కనున్న సుహాసిని గారు మాత్రం కళ్లు తెరిచే ఉంది, బీరమ్మను చూసి చేయి కూడా ఊపింది.

సాయంత్రం వెలుతురు ఉండగానే సాగర్ కారు తిరిగొచ్చింది. అనురాగ్ ఆ పోస్టరు అన్ని గ్రూపుల్లోంచి తీయించే పనిలో రోజంతా గడిపి, మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. విద్యావతి గారు దిగింది. ఎండకు ముఖం కందిపోయింది, చీర కుచ్చెళ్లు తడిసి మళ్లీ ఆరిన ఆనవాళ్లు. నడకలో ఏదో తేడా ఉంది. బిందె ఇంద్రసేన గారి చేతిలోనే ఉంది.

"సారీ ఆంటీ" అన్నాడు అనురాగ్ లేచి నిలబడి. ఆవిడ తల ఊపింది. అక్కడితో ఊరుకుంటే అతను అనురాగ్ ఎందుకవుతాడు. ఈ కథంతా రాయాలని అప్పటికే మనసులో పడింది, ముఖ్యమైన చోటే ఖాళీగా ఉంది. "ఆంటీ, గేట్లు ఎత్తే ఉన్నయా? ఎట్లున్నది? జర చెప్పున్రి, నేను ఎన్నడు చూడలే."

విద్యావతి గారు రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది.

"నేను చూసింది నాది. నీకు చెప్పనీకె పోలే. కావాల్నంటే బస్సులున్నయి, నువ్వు పోయి చూసుకో."